తుపాకీ మీద నక్క వాతలు

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని మన పెద్దవాళ్ళు సామెత చెప్పారు. పాపం, ఆ నక్క నయం. వాత తన ఒంటిమీదే పెట్టుకుంది, ఆ మంటేదో తనే పడింది. ఇప్పుడు కొందరు ఘనులు బయల్దేరారు. నక్కను పట్టుకొచ్చి, స్నానం చేయించి, నున్నగా దువ్వి, స్కేలు పెట్టి కొలిచి మరీ వాతలు వేసి, "ఇది 1943 నాటి అసలు సిసలు పులి" అని సంతలో అమ్ముతున్నారు. మంట మాత్రం కొనుక్కున్నవాడికి! నేను చెబుతున్నది పాత మిలటరీ రైఫిళ్ళ సంగతి. వాటిని బాగుచేసే నెపంతో వాటిమీద కొట్టే దొంగ ముద్రల సంగతి.

"తుపాకులా? వాటితో మాకేం పనమ్మా, అవతల పోపు మాడిపోతోంది" అని పేజీ తిప్పెయ్యకండి. ఒక్క పది నిమిషాలు స్టవ్వు తగ్గించి కూర్చోండి. ఈ మోసం జరిగేది తుపాకీ మీదే అయినా, దాన్ని పట్టుకునే విద్య మీకు సగం వచ్చినదే.

మన ఇళ్ళల్లో గిన్నెల మీద పేర్లుంటాయి కదా. అమ్మమ్మగారి కాలపు ఇత్తడి బిందెమీద ఉలితో కొట్టిన పేరు. పెళ్ళిలో చదివించిన స్టీలు గిన్నెమీద మెషీనుతో చుక్కలు చుక్కలుగా పొడిచిన పేరు, కింద తేదీ. ఆ అక్షరాలు వంకరటింకరగానే ఉంటాయి. ఇంటిపేరులో ఒక ఒత్తు ఎగిరిపోయి ఉంటుంది. అయినా ఆ గిన్నె పులుసుతో పక్కింటికి వెళ్ళినా తోవ తప్పకుండా మళ్ళీ మనింటికే వస్తుంది. ఆ పేరే దాని చిరునామా, దాని చరిత్ర. ఇప్పుడు ఎవడో వచ్చి మీ అమ్మమ్మ పేరు అరగదీసి, ఆ చోట ఏదో సంస్థానం రాణీగారి పేరు చెక్కి, పాతసామాన్ల మోజున్న పెద్దమనిషికి పదింతల ధరకు అమ్మాడనుకోండి. బిందె అదే, ఇత్తడీ అదే, నీళ్ళు కూడా అన్నే పడతాయి. మరి మీకు కడుపు మండుతుందా, మండదా? మండితే, మిగిలిన వ్యాసం మీకు అర్థమైపోయినట్టే.

యుద్ధం కోసం తయారుచేసిన రైఫిలు నిలువెల్లా ముద్రలే. బ్రిటిష్ సైన్యం తీసుకొచ్చిన పొట్టి లీ ఎన్‌ఫీల్డునే చూడండి. మన పోలీసుల భుజాన దశాబ్దాల తరబడి వేలాడిన త్రీ నాట్ త్రీ ఆ వంశానిదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ దినోత్సవం నాడు గానీ దానికి వీడ్కోలు చెప్పలేదు. ఆ రైఫిలుకు మన మణికట్టు లాంటి చోట ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దానిమీద కిరీటం, రాజుగారి పేరులోని పొడి అక్షరాలు, తయారుచేసిన ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మోడలు. ఇక గొట్టం మీద ఒక నంబరు. అదే నంబరు బోల్టు మీద, ముందు మూతి బిళ్ళమీద, గురిచూసే ఆకు మీద. తనిఖీ చేసినవాడి చిన్న కిరీటం గుర్తు ఒకచోట, గట్టి మందుగుండు పేల్చి పరీక్షించినవాడి గుర్తు ఇంకోచోట. కొయ్య మడమలో ఒక ఇత్తడి బిళ్ళ, దానిమీద ఏ పటాలానిదో ఆ పేరు.

మన దేశంలో ఈ రైఫిళ్ళు బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. తెల్లవాడి రోజుల్లో వాటిమీద కిరీటం ఉండేది. స్వాతంత్య్రం వచ్చాక కిరీటం దిగిపోయి అశోక సింహం ఎక్కింది. పక్కన "ఆర్. ఎఫ్. ఐ." అని మూడక్షరాలు. అరంగుళం మేర ఇనుములో ఒక సామ్రాజ్యం వెళ్ళిపోవడం, ఒక దేశం వచ్చి కూర్చోవడం కనబడుతుంది. చరిత్ర పుస్తకంలో రాసింది మార్చి రాయొచ్చు. ఆ రోజున ఆ ఫ్యాక్టరీలో ఆ కూలివాడు సుత్తితో కొట్టిన దెబ్బకు మాత్రం మరో ప్రతి లేదు.

ఆ తుపాకులు పట్టుకున్నది ఎవరు? రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి భారత సైన్యంలో సుమారు 25 లక్షలమంది ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం అనే ఊరుంది. రెండు ప్రపంచయుద్ధాలకూ కొడుకుల్ని పంపి ఆ పేరు తెచ్చుకున్న ఊరు. ఆ ఊరి తల్లులు బర్మా ఎక్కడుందో తెలియకుండా బర్మా నుంచి వచ్చే ఉత్తరం కోసం గుమ్మంలో కూర్చున్నారు. తుపాకీ మీది నంబరు వాళ్ళకు నంబరుగా కనబడి ఉండదు. ఏ నంబరు ఎవడి చేతికి ఇచ్చారో రాసుకున్న పుస్తకంలో, దాని పక్కన ఒక తల్లి కొడుకు పేరుండేది. దొంగ ముద్ర వేసినవాడు గీకేసేది ఆ బంధాన్ని.

సరే, ఈ దొంగముద్రల అవసరం ఎందుకొచ్చింది? పాత రైఫిళ్ళు సేకరించడం అమెరికాలో, యూరపులో పెద్ద సరదా. అన్ని భాగాల మీదా ఒకే నంబరున్న రైఫిలుకు, కలగాపులగం నంబర్లున్నదానికి కొన్ని రెట్లు ఎక్కువ పలుకుతుంది. మామూలు సిపాయి రైఫిలు కంటే దుర్భిణి బిగించిన గురికాడి రైఫిలుకు ఇంకా ఎక్కువ. పేరుమోసిన పటాలం గుర్తుంటే మరీ ఎక్కువ. ధర ముద్రలో ఉన్నప్పుడు ముద్రల కార్ఖానా పుట్టకుండా ఉంటుందా?

తమాషా ఏమిటంటే, యుద్ధం చేసిన రైఫిలుకు నంబర్లు కలవకపోవడమే సహజం. జర్మనీ మౌజరు రైఫిళ్ళు యుద్ధంలో రష్యా చేతికి కుప్పలు కుప్పలుగా చిక్కాయి. వాళ్ళు వాటిని విప్పి, శుభ్రం చేసి, చేతికందిన బోల్టు చేతికందిన రైఫిలుకు బిగించి, పాత నంబరు కొట్టేసి, విద్యుత్ కలంతో కొత్త నంబరు గీకారు. చాలావాటిమీద గుణకారం గుర్తు కొట్టారు. కొయ్యకు ఎర్రటి లక్క వార్నీషు పూసి గోదాముల్లో దాచారు. అమాయకంగా, బాహాటంగా జరిగిన పని అది. బ్రిటిష్ వాళ్ళు ఇంకా నయం. పాత రైఫిలును ఫ్యాక్టరీలో పూర్తిగా బాగుచేస్తే, బాగుచేశామని మూడక్షరాలు, ఏ సంవత్సరంలో చేశామో ఆ అంకె పక్కనే కొట్టేవారు. చీర చిరిగితే రఫూ చేయించి, "ఇదిగో ఇక్కడ రఫూ ఉంది" అని చూపించి ఇచ్చినట్టు. మరమ్మత్తంటే అదీ.

ఇప్పటి "బాగుచేత" చూడండి. ఆ గుణకారం గుర్తును ఆకురాయితో అరగదీస్తారు. విద్యుత్ కలం గీతలు చెరిపేస్తారు. లక్క కడిగేస్తారు. బోల్టు మీద నంబరు తీసేసి రైఫిలు నంబరు కొడతారు. అక్కడితో ఆగితే బాగుండు. హిట్లరు ఎస్.ఎస్. మూకల గుర్తులు, పుర్రెబొమ్మలు కొత్తగా కొట్టి ధర పెంచుతారు. లక్షలమంది తల్లుల్నీ పిల్లల్నీ చంపిన ముఠా గుర్తును, లేనిచోట కష్టపడి కొట్టి, అది ఉన్నందుకు ఎక్కువ డబ్బు పుచ్చుకోవడం! దీన్ని సరదా అంటే నాకు నోట మాట రాదు.

ఈ విద్యకు మన ఉపఖండంలోనూ ఒక పుట్టిల్లుంది. పెషావరుకు దక్షిణాన దర్రా ఆదంఖేల్ అనే ఊళ్ళో చేత్తో, ఆకురాయితో తుపాకులు చేసే వృత్తిపనివాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళు బ్రిటిష్ రైఫిలును ముందు పెట్టుకుని దానిమీది గీతతో సహా దింపేవారు. అక్షరాలు చదవడం రాదు గనక వాటినీ బొమ్మల్లాగే గీసేవారు. అందుకని ఎన్‌ఫీల్డు అన్న మాటలో ఇంగ్లీషు "ఎన్" అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. విక్టోరియా రాణి పొడి అక్షరాల కింద 1907 అని సంవత్సరం ఉంటుంది. రాణిగారు పోయింది 1901 జనవరిలో! ఆరేళ్ళ తర్వాత స్వర్గం నుంచి వచ్చి ముద్ర వేయించారు కాబోలు. 2001 తర్వాత అఫ్గానిస్తాన్ వెళ్ళిన అమెరికా సిపాయిలు చాలామంది జ్ఞాపకంగా కొని ఇంటికి తెచ్చుకున్నవి ఇవే. అయినా నాకు ఆ దర్రా కమ్మరి మీద పెద్ద కోపం లేదు. వాడికి తుపాకీ కావాలి, చేసుకున్నాడు. వాడి పనితనం వాడి పేరుమీదే ఇవాళ సేకరించేవాళ్ళున్నారు. నా కోపమంతా చదువుకుని, పుస్తకాలు తిరగేసి, ఏ ఏడాది ఏ గుర్తుండాలో నేర్చుకుని, ఆ చదువును మోసానికి పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి మీద.

ఇక పట్టుకోవడం ఎలాగో చూద్దాం. ఇక్కడే మన బిందె మనకు గురువు.

మొదటిది, ముద్ర చుట్టూ గట్టు. ఇనుముమీద అచ్చుపెట్టి సుత్తితో కొడితే, దెబ్బతిన్న లోహం పక్కకు పొంగి అక్షరం చుట్టూ సన్నటి గట్టు కడుతుంది. ఫ్యాక్టరీలో చాలా ముద్రలు ముందు కొట్టి, తర్వాత మెరుగుపెట్టి, ఆ తర్వాత నీలిపూత వేసేవారు. అందుకని గట్టు అరిగిపోయి, అక్షరం లోపలికి కూడా పూత దిగుతుంది. అలాంటి చోట గోటితో రాస్తే గట్టు తగిలిందంటే, పూతపెట్టాక ఎవరో కొట్టారన్నమాట. అక్షరం అడుగున ఇనుము తళతళలాడుతున్నా అంతే సంగతి. అమ్మమ్మ బిందెమీద అక్షరాల అంచులు ఎంత మెత్తగా ఉంటాయో మీకు తెలుసు. యాభైఏళ్ళు చింతపండుతో, ముగ్గుతో తోమిన అంచులవి. నిన్న కొట్టిన అక్షరం వేలికి గుచ్చుకుంటుంది.

రెండోది, తుప్పు గుంటలు. పాత ఇనుముకు మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. ముద్ర ముందు పుట్టి తుప్పు తర్వాత వస్తే, గుంటలు అక్షరాన్ని కొరికేస్తాయి. అక్షరం వెళ్ళి గుంటల మీదుగా నిక్షేపంగా కూర్చుంటే, తుప్పు ముందు, ముద్ర వెనక. మనవరాలి పెళ్ళి శుభలేఖ మీద అమ్మమ్మ బారసాల తేదీ ఉన్నట్టు!

మూడోది, పల్లం. పాత నంబరు అరగదీయాలంటే కొంత ఇనుము పోవాలి. పోయినచోట పల్లం మిగులుతుంది. ఉక్కు స్కేలు అంచు నిలబెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, కిందనుంచి వెలుతురు తొంగిచూస్తుంది. చుట్టూ పాత గీతలు, నంబరు ఉన్నచోట మాత్రం అద్దంలాంటి నునుపు. అంత శ్రద్ధ ఆ ఒక్కచోటే ఎందుకు కలిగిందో అమ్మినవాణ్ణి అడగాలి.

నాలుగోది, దస్తూరీ. ప్రతి ఫ్యాక్టరీకీ తన అచ్చులు తనవి. నాలుగంకె తల మూసి ఉంటుందా, తెరిచి ఉంటుందా? ఒకటికి టోపీ ఉంటుందా? బజారులో దొరికే పంచీల పెట్టె అన్ని ఫ్యాక్టరీలకూ ఒకే దస్తూరీ రాస్తుంది. లేజరుతో, యంత్రంతో గీసిన అక్షరమైతే అడుగు చదునుగా కాలవ తవ్వినట్టుంటుంది. దెబ్బ తిన్న లోహం అలా ఉండదు.

అయిదోది, కాలం. జర్మనీలో ఓబర్న్‌డార్ఫ్ మౌజరు ఫ్యాక్టరీ గుర్తు మొదట 42 అనే అంకె. "బి.వై.ఎఫ్." అనే అక్షరాలు 1941లో వచ్చాయి. 1938 రైఫిలు మీద ఆ అక్షరాలుంటే, 1938లోనే భవిష్యత్తు తెలిసిన కమ్మరి ఉన్నాడనుకోవాలి. జోస్యం చెప్పే ఇనుమును నమ్మకండి.

ఆరోది, కొయ్య. అమెరికా వాళ్ళ గారండ్ రైఫిలు కొయ్యమీద తనిఖీ అధికారి పొడి అక్షరాలు చిన్న గడిలో ఒత్తేవారు. ఆ ఒత్తుడు ముద్రలు ఇవాళ రబ్బరు స్టాంపులంత తేలిగ్గా చేయించుకుంటున్నారు. కానీ ఒక్కటి గమనించండి. కొయ్యంతా ఇసుక కాగితంతో రుద్ది నున్నగా చేశారు, ముద్ర మాత్రం నిన్నటి అప్పడం మీద గిన్నె అంచులా స్పష్టంగా ఉంది. కొయ్య అరిగితే ముద్ర అరగదా? తల నెరిసి, మీసం ఒక్కటే నల్లగా ఉంటే మనం ఏమనుకుంటాం?

ఏడోది, సాక్ష్యాల కలయిక. బ్రిటిష్ గురికాండ్ర రైఫిలు నంబరు 4 ఉంది. ఫ్యాక్టరీలో గురి బాగా కుదిరినవాటిని ఏరి, దుర్భిణి బిగించడానికి పంపేవారు. అలా ఏరినదానికి ఒక గుర్తు, బిగించాక "టి" అనే గుర్తు, బిగించిన సంస్థ సంకేతం కొయ్య అడుగున, దుర్భిణి నంబరు కొయ్య మెడమీద. ఇన్నీ ఒకే కథ చెప్పాలి. దొంగవాడు సాధారణంగా "టి" ఒక్కటే కొట్టి సంతోషిస్తాడు. మంగళసూత్రం కట్టుకొచ్చి, పెళ్ళెక్కడైందో పురోహితుడెవరో చెప్పలేని సినిమా నాయిక లాగా!

ఇన్నిటికీ లొంగకపోతే ఇంకో మార్గముంది. అది నేర పరిశోధన శాలల్లోది. సుత్తి దెబ్బ పైకి కనబడినంత లోతులో ఆగదు. అక్షరం కిందనున్న లోహపు కణాలు కూడా నలిగిపోతాయి. పైన ఎంత గీకినా, నలిగిన పొర మిగిలితే, దానిమీద ఆమ్లం పోసినప్పుడు చుట్టుపక్కల ఇనుము కంటే వేరుగా కరుగుతుంది. చెరిపేసిన నంబరు మసకగా పైకి తేలుతుంది. తిన్న దెబ్బను ఇనుము మర్చిపోదు. మర్చిపోయినట్టు నటించేది మనుషులే.

ఇంతసేపూ డబ్బు గురించి, చరిత్ర గురించి మాట్లాడుకున్నాం. ప్రాణం గురించి కూడా మాట్లాడాలి. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినవాళ్ళకు "డి.పి." రైఫిళ్ళు గుర్తుండే ఉంటాయి. డ్రిల్లుకు మాత్రమే పనికొస్తుంది, తూటా పెట్టి పేల్చకూడదు అని ఆ రెండక్షరాల అర్థం. అరిగిపోయిన రైఫిళ్ళకు, లోపమున్న రైఫిళ్ళకు ఆ ముద్ర వేసేవారు. "బాగుచేసే" మహానుభావుడు ఆ రెండక్షరాలనూ అరగదీసి, పైన నీలిపూత పూసి, మంచి రైఫిలుగా అమ్మితే? పేలేది చెంప పక్కన!

అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు ఫ్యాక్టరీ 1903 మోడలు రైఫిళ్ళ కథ మనకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఉక్కును కాల్చి గట్టిపరచేటప్పుడు, ఎంత వేడెక్కిందో పనివాళ్ళు రంగు చూసి కంటితో చెప్పేవారు. మనం పాకం చూసినట్టే. మబ్బురోజున ఒకలా, ఎండరోజున ఒకలా కనబడేది. పాకం ముదిరితే అరిసె విరుగుతుంది. అక్కడ ముదిరితే రైఫిలు ముఖంమీద పగిలేది. అందుకే ఆ ఫ్యాక్టరీలో 8,00,000 కంటే తక్కువ నంబరున్నవాటిని కాల్చకూడదని హెచ్చరిక. అంటే ఆ నంబరు అలంకారం కాదు, మందు సీసామీద "విషము" అని రాసిన చీటీ. దాన్ని మార్చినవాణ్ణి కళాకారుడందామా?

ఇక వాళ్ళ వాదనలు వినండి. "మేం కొత్తగా ఏం పెట్టలేదు, అరిగిపోయిన ముద్రనే మళ్ళీ కొట్టాం" అంటారు. బాగుంది. తాతగారి వీలునామా మీద సంతకం మాసిందని మనవడు దానిమీద పెన్నుపెట్టి దిద్దితే, అది తాతగారి సంతకమేనా? కోర్టువారు ఒప్పుకుంటారా? మాసిన సంతకానికి ఎంతోకొంత విలువుంది. దిద్దినదానికి ఏమీ లేదు.

"కొన్నవాడికి చెప్పే అమ్మాం" అంటారు. ఒప్పుకుంటాను. మొదట కొన్నవాడికి చెప్పారు. వాడి దగ్గర కొన్నవాడికి చెప్పిందెవరు? రైఫిలు ఆయుష్షు మనిషి ఆయుష్షు కంటే ఎక్కువ. చెప్పిన నోరు మట్టిలో కలిసిపోతుంది, కొట్టిన ముద్ర ఉండిపోతుంది. ఆ దేశాల్లో ఒక ముసలాయన ఇరవైయేళ్ళు ఇష్టంగా కొని దాచుకుంటాడు. "నేను పోయాక ఇవి అమ్ముకో, నీకే లోటూ ఉండదు" అని ఇల్లాలికి చెబుతాడు. ఆయన పోయాక ఆవిడ వాటిని పట్టుకెళితే, గాజుబిళ్ళ పెట్టి చూసినవాడు "ఇవి దొంగవమ్మా" అంటాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు! చివరి బిల్లు కట్టేది ఎప్పుడూ ఆ ఇల్లాలే. వేసినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు ముగ్గురూ మగవాళ్ళే అయినా.

"కొనేవాడికి బుద్ధుండక్కర్లేదా?" అంటారు మూడోసారి. ఈ మాట మనం పుట్టినప్పటినుంచీ వింటున్నాం. తూకంలో మోసపోతే మనకు చూపు లేదు, చీటీ ఎగవేస్తే మనకు తెలివి లేదు, సంబంధంలో మోసపోతే మన జాతకం బాగాలేదు. మోసం చేసినవాడి బుద్ధి గురించి మాత్రం ఎవరూ అడగరు! బుద్ధి ఉండాల్సిందే. కానీ మొదట ఉండాల్సింది సుత్తి పట్టుకున్నవాడికి.

సినిమాకు కావాలి, నాటకానికి కావాలి, మ్యూజియంలో పిల్లలకు చూపించడానికి నమూనా కావాలి అంటే నాకేం అభ్యంతరం లేదు. నమూనా అని దానిమీదే చెక్కండి. చట్టం కూడా ఈ విషయంలో కళ్ళు మూసుకోలేదు. మన 1959 ఆయుధాల చట్టంలో ఎనిమిదో సెక్షను ప్రకారం, తుపాకీ మీది పేరును గానీ నంబరును గానీ గుర్తును గానీ చెరపడం, తీసెయ్యడం, మార్చడం, దొంగది వెయ్యడం నిషేధం. అమెరికాలో కూడా సీరియల్ నంబరు మార్చిన తుపాకీ దగ్గరుంచుకోవడమే నేరం. కానీ అక్కడ కొయ్యమీద తనిఖీ ముద్ర కొడితే, ఇత్తడి బిళ్ళమీద ఏదో పటాలం పేరు వేస్తే, ఆ నంబరు చట్టం దాన్ని పట్టుకోదు. మోసపోయానని కొన్నవాడే రుజువు చేసుకోవాలి. దొంగకు ఆ సందు చాలు.

ఇదంతా పరదేశపు గోల అనుకుంటున్నారా? మన ఊళ్ళో రైస్ పుల్లింగ్ చెంబు మాట వినలేదూ? రాగి చెంబుమీద ఈస్టిండియా కంపెనీ పేరు, ఒక పాత సంవత్సరం కొట్టి, "ఇది బియ్యం గింజల్ని లాగుతుంది, కోట్ల ఖరీదు" అని అమ్మి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంతమంది కొంపలు ముంచారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. 1818 అని అచ్చువేసి, రాముణ్ణో హనుమంతుణ్ణో కొట్టిన "ఒక అణా" బిళ్ళలు ఇంకొకటి. కంపెనీవారు అలాంటి నాణెం ఎప్పుడూ వెయ్యనే లేదు. దేవుడి బొమ్మ ఉంది గదాని కళ్ళకద్దుకుని కొనుక్కుని పూజలో పెట్టుకున్న ఇళ్ళున్నాయి. తుపాకీ మీద పడ్డ సుత్తీ, ఆ చెంబుమీద పడ్డ సుత్తీ అన్నదమ్ములు.

బంగారం విషయంలో మనం కొంచెం మేలుకున్నాం. 2021 జూన్ నుంచి హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల గుర్తింపు సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదన్నారు. ఆ సంఖ్యను సెల్‌ఫోనులో కొట్టి చూసుకోవచ్చు. అంటే ముద్రను నమ్మడంతో సరిపెట్టుకోకుండా, ముద్ర వెనకున్న ఖాతా పుస్తకాన్ని కూడా చూస్తున్నాం. అదే సరైన పద్ధతి. పాత రైఫిలుకు అలాంటి యంత్రం లేదు గనక, దాని ఖాతా పుస్తకం దాని ఒంటిమీదే ఉంది గనక, ఆ ఒళ్ళు ముట్టుకునేవాడికి ఇంకా భయభక్తులుండాలి.

నిజాయితీకి నేను పెద్ద పెద్ద ధర్మరాజుల్ని తీసుకురాను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద వరసగా మూడురోజులు పడి తుపాకులు పట్టుకుపోయాడు. పట్టుకుపోతూ ఏమేం తీసుకెళుతున్నాడో స్టేషను డైరీలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. సర్కారు మీద తిరగబడ్డ మనిషి కూడా తుపాకీ లెక్క దగ్గర అబద్ధం రాయలేదు. తీరిగ్గా కుర్చీలో కూర్చుని, టేబిలు దీపం వెలుతురులో, మరొకడి పటాలాన్నీ మరొకడి మరణాన్నీ ఇనుముమీద అబద్ధంగా రాసేవాడికి ఆ మాత్రం సిగ్గు ఉండొద్దా?

బాగుచేసేవాళ్ళకు నేను అడిగేది చాలా చిన్న కోరిక. తుప్పు తియ్యండి, నూనె రాయండి, విరిగిన కొయ్య అతికించండి. మీ పనితనం మీద అంత గర్వముంటే, కనబడని మూల మీ సొంత పేరు, ఏ ఏడాది చేశారో ఆ అంకె కొట్టండి. రాబోయే మనవలు మిమ్మల్నీ తలుచుకుంటారు. ముద్ర అరిగిపోయిన చోటు అరిగిపోయినట్టే ఉండనివ్వండి. మన అమ్మమ్మ బిందెమీద సగం చెరిగిపోయిన పేరును ఎవరూ దిద్దరు. సగం పేరు చాలు మనకు, ఆవిడెవరో తెలుస్తూనే ఉంది. దిద్దినరోజున అది మన బిందె కాకుండా పోతుంది.